వాలు టైపు, నేను చేసిన తప్పు

ముప్పయ్యేడేళ్ళు నేను ఏలూరులో అచ్చు పని చేశాను. కంపోజిటరుగా చేరి ఫోర్‌మనుగా దిగాను. మధ్యలో ఏ హోదా ఎప్పుడు వచ్చిందో, ఏ రిజిస్టర్లో ఎక్కడ సంతకం పెట్టానో రాస్తే చదివేవాళ్ళకు ఆవలింతలు వస్తాయి. రాసే నాకూ వస్తాయి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు చెప్పవలసింది అది కాదు. నేను ఒక టైపును ప్రేమించాను. ఆ ప్రేమలో పడి ఒక మనిషికి అన్యాయం చేశాను. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మా రోజుల్లో అచ్చు అంటే చేతిపని. సీసంతో పోసిన ఒక్కొక్క అక్షరాన్నీ గళ్ళపెట్టెలోంచి ఏరి, ఎడమచేతిలోని ఇనప పట్టీలో పేర్చేవాళ్ళం. ఆ గళ్ళపెట్టెను కేసు అంటాం. వరసలు పేర్చితే పేజీ అవుతుంది. పేజీని చట్రంలో బిగించి, కాలితో తొక్కే ట్రెడిల్ మిషను మీద ఎక్కించి, కాగితం మీద ఒత్తేవాళ్ళం. ఆ పని అయ్యాక పేజీని విప్పి, మళ్ళీ ఒక్కొక్క అక్షరాన్నీ దాని గడిలో పడేసేవాళ్ళం. కంపోజిటరు చేతికి ఏ గడి ఎక్కడుందో చూడక్కరలేకుండా తెలుస్తుంది. ఆ చూడక్కరలేని గుణమే తరవాత నా కొంప ముంచింది.

దాని పోకడ

పంతొమ్మిది వందల ముప్పైల మాట. మా ప్రెస్సు కాలవ గట్టున పెంకుల ఇంట్లో ఉండేది. యజమాని కృష్ణమూర్తి గారు. కోపిష్టి, కాని పనిమంతుడు. రోలరు మీద సిరా ఎంత ఉందో మిషను చప్పుడు విని చెప్పేవారు. వకీళ్ళ పేరు కార్డులకు మేం వాడే ఇంగ్లీషు వాలు టైపు అంటే ఆయనకు పిచ్చి. ఇటాలిక్ అంటారే, అది. అందులో నిలువు గీత లావుగా, నల్లగా ఉంటుంది. వంపు తిరిగే చోట సన్నబడి సన్నబడి వెంట్రుకంత అవుతుంది. మళ్ళీ లావెక్కుతుంది. అక్షరమంతా కుడివైపుకు వాలి ఉంటుంది. నున్నటి కాగితం మీద మంచి సిరాతో పడితే కలంతో ఒక్క ఊపులో రాసినట్టు కనిపిస్తుంది.

"తెలుగులో ఇల్లాంటిది ఎందుకు లేదయ్యా?" అని ఆయన ఎప్పుడూ బాధపడేవారు. ఒకసారి మద్రాసు వెళ్ళినప్పుడు ఒక చిన్న ఫౌండ్రీవాళ్ళు అచ్చంగా అలాంటి తెలుగు టైపే పోశారని విని, నమూనా చూసి, అక్కడికక్కడే ఒక కేసుకు సరిపడా తెచ్చేశారు. ఆ ఫౌండ్రీ తరవాత దాన్ని పోయడం మానేసింది. ఎందుకు మానేసిందో అప్పట్లో మాకు అర్థం కాలేదు.

మూట విప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. మొదటి ప్రూఫు నేనే తీశాను. అక్షరాల గుండ్రటి పొట్టలు బరువుగా, నల్లగా మెరుస్తున్నాయి. తలకట్లూ గుడులూ కొమ్ములూ వెంట్రుకల్లా తేలిపోతున్నాయి. అంతకుముందు మేం వాడే తెలుగు టైపు లావుగా నిటారుగా నిలబడి ఉండేది, బడి వాచకాల్లో ఉంటుందే, అది. దాని పక్కన ఇది పెట్టి చూస్తే పనిబట్టలవాడి పక్కన పెళ్ళికొడుకు నిలబడ్డట్టు ఉంది. నాకు ఇరవయ్యెనిమిదేళ్ళు. ఆ రోజునుంచి నేను దానివాణ్ణి అయిపోయాను.

దానితో పని మాత్రం కష్టం. మామూలు టైపులో అక్షరం తన సీసపు దిమ్మ మీద తను కూర్చుంటుంది. దీనిలో కొన్ని అక్షరాల కొస దిమ్మ దాటి బయటికి చాచుకుని, పక్క అక్షరం భుజం మీద ఆనుతుంది. చట్రం కాస్త గట్టిగా బిగిస్తే ఆ కొస పుటుక్కున విరుగుతుంది. సిరా ఎక్కువైతే సన్న గీతల మధ్య సందులు పూడిపోతాయి. తక్కువైతే గీతే పడదు. గరుకు కాగితం దానికి బద్ధశత్రువు. వందల కాపీలు వేసేసరికి వెంట్రుక గీతలు అరిగిపోయి, అక్షరం పగిలిన గాజుముక్కల్లా కనిపిస్తుంది. ఇవన్నీ నేను నాలుగు నెలల్లో నేర్చుకున్నాను. మా ప్రెస్సులో మరెవరినీ ఆ కేసు ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. గర్వం అంటే అదే అని అప్పుడు తెలియలేదు.

పసుపు మీద తోసేశాం

ఆ టైపు ఎక్కడ బాగుంటుందో ముందు చెబుతాను. ఒక పేరుకు బాగుంటుంది. పుస్తకం అట్ట మీద ఒక్క వరసకు బాగుంటుంది. సభకు పిలిచే కార్డులో అధ్యక్షుల పేరుకు బాగుంటుంది. చూసేవాడికి ముందే తెలిసిన మాట అయితే మరీ బాగుంటుంది. తెలియని మాట మోసుకు వెళ్ళడానికి అది పనికిరాదు. ఈ ముక్క నేను మొదటి ఏడాదే నేర్చుకోవలసింది. నేర్చుకునే అవకాశం కూడా వచ్చింది.

తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైతుగారింట పెళ్ళి. శుభలేఖలు మా దగ్గర వేయించారు. శుభలేఖకు నల్ల సిరా వాడకూడదు కాబట్టి ఎర్ర సిరా వాడాం. గులాబి రంగు కాగితం. నేను పేర్లతో ఆగకుండా ముహూర్తం వరసా, విడిది వరసా కూడా వాలు టైపులోనే పేర్చాను. చూడముచ్చటగా వచ్చింది. వాళ్ళు ఇంటికి తీసుకుపోయి, ఆనవాయితీ ప్రకారం నాలుగు మూలలా పసుపు రాశారు. తడి పసుపు మూలలతో ఆగుతుందా. గులాబి కాగితం మీద ఎర్ర వెంట్రుక గీతలు పసుపులో కలిసిపోయాయి. భీమడోలు నుంచి రావలసిన మేనమామ గారు పెళ్ళి అయిన మర్నాడు పొద్దున్న రైలు దిగారు.

ఆయన తిన్నగా మా ప్రెస్సుకు వచ్చి, శుభలేఖ బల్ల మీద పెట్టి, "ఇందులో తిథి ఎక్కడుందో కాస్త చూపించండి బాబూ, నాకు కళ్ళు పోయేయేమో" అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. కృష్ణమూర్తి గారు కార్డు తిప్పి తిప్పి చూసి, "పసుపు ఎక్కువ రాసేరండీ మీవాళ్ళు" అన్నారు. నేనూ తల ఊపాను. ఆయన వెళ్ళాక మేమిద్దరం నవ్వుకున్నాం కూడా. కళ్ళు పోయాయేమో అని ఆయన తనను తాను అనుమానించుకున్నారు కాని టైపును అనుమానించలేదు. ఆ తేడా మా ఇద్దరికీ తట్టలేదు.

దేవసహాయం మాస్టారు

ఆ తరవాతి ఏడాది వేసవి చివర దేవసహాయం మాస్టారు మా ప్రెస్సుకు వచ్చారు. కొల్లేటి లంకలో ఒక ఊళ్ళో క్రైస్తవ మిషను బడి ఉపాధ్యాయుడు. యాభై దాటిన మనిషి, తెల్లటి కోటు, చేతిలో గుడ్డలో చుట్టిన నోటుబుక్కు. ఆయన ఒక్కగానొక్క కూతురు దయామణి తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరిన మూడో ఏట టైఫాయిడ్‌తో పోయింది. ఏడాది తిరిగేసరికి చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటున్నారు. ఆ రోజుకు అమ్మాయి రాసిన ఉత్తరాలు ఒక చిన్న పుస్తకంగా వేయించాలని ఆయన కోరిక.

ఆ ఉత్తరాల కథ ఆయన బల్ల మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా చెప్పారు.

"మా ఇంట్లోవాళ్ళకి చదువు లేదండి. మార్తమ్మ ఆవిడ పేరు. నలభై దాటాక అమ్మాయే నేర్పిందండి, సెలవులకి వచ్చినప్పుడు. రెండు వేసవులు పలక పట్టించింది. నేను ఇరవయ్యేళ్ళు ఊరందరి పిల్లలకీ నేర్పేను గాని ఆవిడకి నేర్పలేకపోయేను. నా దగ్గర సిగ్గుపడేది. తరవాత అమ్మాయి గూడెం వెళ్ళి వారం వారం ఉత్తరం రాసేది. పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలతో, మాటకీ మాటకీ మధ్య వేలెడు ఖాళీ వదిలి. ఆవిడ వేలు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం చదువుకునేదండి. మొట్టమొదటి ఉత్తరంలోనే రాసింది. అమ్మా, దీన్ని నాన్నగారికి ఇవ్వకు, నువ్వే చదువు అని."

పోయిన వానల్లో కొల్లేరు పొంగి ఇంట్లోకి నీళ్ళు వచ్చాయట. పెట్టె మునిగింది. ఉత్తరాలు ముద్ద అయ్యాయి. ఆరబెట్టి, ఆనవాలు దొరికినంతా మాస్టారు తన చేత్తో నోటుబుక్కులోకి ఎక్కించారు. అసలు ఉత్తరాలు పొడి అయి రాలిపోయాయి. మాస్టారి దస్తూరీ సన్నటి గొలుసుకట్టు. అది మార్తమ్మ గారికి అందదు. ఆవిడ చదవగలిగిన కాగితం ఇంట్లో ఒక్కటీ మిగలలేదు.

"వాచకాల్లో ఉంటాయే, ఆ లావు అక్షరాలు వేయండి బాబూ" అన్నారు మాస్టారు. "ఆవిడ చదువుకోవాలి కదండి."

ఇక్కడ నేను నోరు మూసుకుని సరేనని ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు. నేను లోపలికి వెళ్ళి వాలు టైపు నమూనా తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"అవి చంటిపిల్లల అక్షరాలండి మాస్టారూ. ఇది అమ్మాయిగారి జ్ఞాపకం. తరతరాలు ఉండేది. ఇల్లాంటి దానికి ఈ టైపు వేస్తే చేత్తో రాసిన ఉత్తరంలా ఉంటుంది. చూడండి, కలం పోకడే."

ఆయన చాలాసేపు చూశారు. బాగుందన్నారు. మళ్ళీ నోటుబుక్కు వైపు చూశారు. "ఆవిడకి అందుతుందంటారా?" అన్నారు.

"అక్షరాలు అవే కదండి, కాస్త వాలేయి అంతే" అన్నాను.

"మీకు తెలిసినంత మాకేం తెలుసండి" అని ఆయన లేచారు. ఏలూరు వైపు మర్యాదస్థులు ఎదుటివాడి పనిలో వేలు పెట్టరు. ఆ మర్యాదను నేను ఒప్పుకోలు అనుకున్నాను. కొత్తవాళ్ళకు చెబుతున్నాను, పని ఇచ్చేవాడు మీరు చెప్పినదానికి తల ఊపాడంటే ఒప్పుకున్నట్టు కాదు. రెండోసారి అడగాలి. మూడోసారీ అడగాలి.

నా జీవితంలో మంచి పని

ఒక్క కేసు టైపు మాత్రమే ఉండడంతో ఒకసారికి రెండే పేజీలు పేర్చగలిగేవాణ్ణి. రెండు పేజీలు పేర్చి, అచ్చు వేసి, విప్పి, అక్షరాలు గళ్ళలో సర్ది, తరవాతి రెండు పేజీలు. ముప్పయి రెండు పేజీలకు అయిదు వారాలు పట్టింది. విరిగిన కొసలు ఏరి పారేసి మంచివి చూసి పెట్టేవాణ్ణి. ట్రెడిల్ కూడా నేనే తొక్కాను. పేజీ అంచు దాటకుండా చూడడానికి అక్కడక్కడ కొన్ని వరసలు తీసేయవలసి వచ్చింది. మాస్టారిని అడిగితే, చిల్లర సంగతులు ఏవైనా ఉంటే తీసేయండి అన్నారు. చిల్లర సంగతి ఏదో పైపైన చూసి నేనే నిర్ణయించి ఒక పదిహేను వరసలు తీసేశాను.

అయిదు వారాలు ఆ అమ్మాయి మాటలు నా వేళ్ళలోంచి వెళ్ళాయి. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆ అమ్మాయి ఏమి రాసిందో నాకు తెలియదు. కంపోజిటరు మాట చదవడు, అక్షరం చూస్తాడు. ఏ కొస ఏ భుజం మీద ఆనిందో చూస్తాడు. దాన్ని పనితనం అంటారు, నిజమే. కాని ఆ పుస్తకం నేను ఒక్కసారి మామూలు మనిషిలా చదివి ఉంటే, అది ఎవరి కోసమో మొదటి వరసలోనే తెలిసేది.

పుస్తకం పూర్తయిన రోజున కృష్ణమూర్తి గారు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఒక కాపీ తీసి ముందుగదిలో అద్దాల బీరువాలో పెట్టారు. ఆయన నోటినుంచి మెచ్చుకోలు రావడం నేను ఎరగను. బీరువాలో పెట్టడమే నాకు పెద్ద బిరుదు.

కూడిక

పుస్తకాల కట్ట నేనే తీసుకెళ్ళి ఇస్తానన్నాను. నిజం చెప్పాలంటే నలుగురి మధ్యా నా పని చూసుకోవాలని వెళ్ళాను. కొంతదూరం ఎద్దుబండి, ఆ తరవాత తాటిదోనె. తాటి మొద్దు తొలిచి చేసిన ఆ దోనెలో కట్టను ఒళ్ళో పెట్టుకుని, తడవకుండా పై పంచె కప్పుకుని కూర్చున్నాను. చుట్టూ నీటిబాతులు. దోనె నడిపే ఆయన ఆ కట్ట ఏమిటని అడిగితే, మీ మాస్టారి అమ్మాయి పుస్తకం అన్నాను. ఆయన గెడకర్ర ఆపి ఒక నిమిషం తల వంచుకున్నాడు.

చర్చి అంటే తాటాకు పందిరే. యాభై అరవైమంది ఉన్నారు. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు మొదటి పుస్తకం మార్తమ్మ గారి చేతికి ఇచ్చారు. కాయలు కాసిన చెయ్యి, తెల్ల చీర, చిన్న మనిషి. పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, చాప మీద కూర్చుని తెరిచింది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

చూపుడువేలు మొదటి వరస మీద పెట్టింది. పెదవులు కదిలాయి. ఆగాయి. వేలు మళ్ళీ వరస మొదటికి వచ్చింది. మళ్ళీ ఆగింది. పేజీ తిప్పింది. అక్కడా అంతే. పుస్తకాన్ని కాస్త ఎత్తి వెలుతురులో పట్టుకుంది. ఆ తరవాత మెల్లిగా మూసి, పక్కనున్న భర్త చేతికి ఇచ్చి, "మీరు చదవండి" అంది.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని అందరికీ వినిపించేలా మొదలుపెట్టారు. "అమ్మా, దీన్ని నాన్నగారికి ఇవ్వకు. నువ్వే చదువు." అంతవరకు చదివి ఆయన ఆగిపోయారు. అందరూ దుఃఖం వల్ల ఆగారనుకున్నారు. తరవాత మిగతాది చదివారు.

భోజనాలప్పుడు మార్తమ్మ గారు తన ఆడపడుచుతో అంటున్న మాట నా చెవిన పడింది. "అక్షరాలు తెలియట్లేదు వదినా. పిల్ల నేర్పిన చదువు పిల్లతోనే పోయింది."

ఏం జరిగిందో అక్కడున్న అందరిలోనూ నాకొక్కడికే తెలుసు. ఆవిడ నేర్చుకున్నది నిటారు అక్షరాలు, ఒకే లావు గీతతో పలక మీద దిద్దినవి. నేను వాటిని పక్కకు వాల్చి, సగం గీతలను వెంట్రుకలు చేశాను. తెలుగులో ఒక అక్షరానికీ మరో అక్షరానికీ తేడా చాలావరకు ఆ చిన్న చిన్న గీతల్లోనే ఉంటుంది. పొట్టలన్నీ ఒకలాంటివే. ఇంగ్లీషు కోసం పుట్టిన అందాన్ని తెచ్చి మేం ఏ గీత మీద చదువరి ఆధారపడతాడో ఆ గీతనే సన్నం చేశాం. చదువు బాగా అలవాటైన మాస్టారి లాంటివాళ్ళు మాట ఆకారం చూసి పోల్చుకుంటారు. అక్షరం అక్షరం కూడబలుక్కునేవాళ్ళు ఏం చూసి పోల్చుకుంటారు?

అప్పుడే లేచి, అమ్మా, తప్పు మీది కాదు, పుస్తకానిది అని ఒక్క మాట అనవలసింది. అనలేదు. పాస్టరు గారు పుస్తకం తిప్పి చూస్తూ, ఇంత అందమైన అచ్చు మా మిషనులోనే లేదండి అంటున్నారు. నేను చేతులు కట్టుకుని నవ్వాను. దోనె ఎక్కి వచ్చేశాను.

ఏడు నెలలు

ఏలూరు వచ్చాక చెబుదామనుకున్నాను. ఇవాళ, రేపు అనుకున్నాను. ఉత్తరం ముక్క రాసినా సరిపోయేది. ఆ పుస్తకం చూసి ఇద్దరు ముగ్గురు అలాంటివే కావాలని వచ్చారు. యజమాని బీరువాలోంచి తీసి చూపిస్తున్నారు. నా జీవితంలో మంచి పని తప్పుపని అని నా నోటితో చెప్పడం నావల్ల కాలేదు. మధ్యలో వానలు పడ్డాయి, లంకకు దారి లేదు అని కూడా చెప్పుకున్నాను. దారి లేకపోయినా తపాలా ఉంది.

ఏడు నెలల తరవాత మాస్టారు బడి హాజరు పట్టీలు అచ్చు వేయించడానికి వచ్చారు. నేను అడగకుండానే ఆయనే చెప్పారు.

"పుస్తకం దిండు కింద పెట్టుకుంటుందండి. రోజూ సాయంత్రం నా చేత చదివించుకుంటుంది. నువ్వే చదువుకోవచ్చు కదా అంటే, నాకు రాదండీ అంటుంది. మళ్ళీ పలక పట్టిస్తానంటే ఒప్పుకోదు. నేర్పిన మనిషి లేదు, ఎందుకండీ అంటుంది. నాకు అర్థం కావట్లేదు బాబూ. ఉత్తరాలు చక్కగా చదివేది."

ఆయన వెళ్ళాక నేను యజమాని దగ్గరికి వెళ్ళి సంగతంతా చెప్పాను. కూడికలో చూసింది, దాచింది, అంతా. తిడతారనుకున్నాను. ఆయన బీరువా తీసి, పుస్తకం తెరిచి, కళ్ళజోడు తీసేసి, చేతి దూరంలో పట్టుకుని ఒక పేజీ చదవడానికి ప్రయత్నించారు. చాలాసేపు పట్టింది.

"సూరన్నా, నేను దీన్ని ఇప్పటిదాకా చదవలేదయ్యా" అన్నారు. "చూసేనంతే."

పుస్తకం మళ్ళీ బీరువాలో పెట్టలేదు. "వాచకం టైపులో పేర్చు. కాగితం నేనిస్తాను" అన్నారు. "మాస్టారికి ముందుగా చెప్పకు. నువ్వే పట్టుకెళ్ళు. నువ్వే చెప్పు."

నాలుగు ఆదివారాలు కూర్చుని పేర్చాను. ఈసారి పేర్చేముందు నోటుబుక్కు మొత్తం చదివాను. మాస్టారు దాన్ని మా దగ్గరే ఉంచారు. చదివితే తెలిసింది, నేను చిల్లర అని తీసేసిన వరసలు ఎంత చిల్లరవో. వాటిని ఎక్కడివి అక్కడ తిరిగి పెట్టాను. మాటకూ మాటకూ మధ్య అమ్మాయి వదిలినట్టే ఎక్కువ ఖాళీ వదిలాను. పేజీలు యాభై దాటాయి. చూడడానికి ఏ అందమూ లేదు.

మార్తమ్మ గారు

మాస్టారు బడిలో ఉన్న వేళకు చేరాను. మార్తమ్మ గారు వాకిట్లో చేపలు ఆరబోస్తోంది. నన్ను గుర్తుపట్టి, చేతులు కడుక్కుని వచ్చి, పీట వేసి, మజ్జిగ ఇచ్చింది. పుస్తకం ముందు పెట్టాను.

"నాకు చదువు పోయిందండి" అంది, ముట్టుకోకుండానే.

"పోలేదమ్మా. నేను పాడుచేసేను" అన్నాను. "మాస్టారు లావు అక్షరాలు వేయమన్నారు. నేనే వినలేదు. అందంగా ఉంటుందని వాలు అక్షరాలు వేసేను. అవి మీకు అలవాటైన అక్షరాలు కావు. ఇవి చూడండి."

తెరిచింది. చాలాసేపు చూసింది. మొదటి పేజీ వేలు పెట్టి గడగడా చదివేసి, తనే తల అడ్డంగా ఊపింది. "ఇది నాకు కంఠతా వచ్చండి. రోజూ వింటాను కదా. చదివేనో అప్పజెప్పేనో నాకెల్లా తెలుస్తుంది?"

ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది. కొత్తగా చేర్చిన వరసలున్న పేజీ తీసి చూపించాను. "ఇవి ఆ పుస్తకంలో లేవమ్మా. మాస్టారు మీకు చదివినవాటిలో లేవు."

వేలు పెట్టింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. మధ్యలో ఒకచోట ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. "ఇవాళ, నీ, ఆకుపచ్చ, చీర, కట్టుకుని, బడికి, వెళ్ళాను. పిల్లలు, టీచరుగారూ, మీ, మీద, చేపల, వాసన, వస్తోంది, అన్నారు. మా, అమ్మ, వాసన, అన్నాను."

వేలు అక్కడే ఉండిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ వరస మళ్ళీ ఒకసారి చదివింది, ఈసారి ఆగకుండా. తరవాత తలెత్తి నా వైపు చూసింది. ఆ ముఖంలో కోపం లేదు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"మీకు ఎప్పుడు తెలిసిందండి?"

"కూడిక రోజునే తెలిసిందమ్మా."

ఆవిడ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. "అయితే ఇన్ని నెలలూ నేను చదువుకోగలిగేదాన్నేనా అండి?" అంది.

అవునమ్మా అన్నాను. ఆవిడ మజ్జిగ గ్లాసు తీసి పక్కన పెట్టి, వేలు మళ్ళీ పేజీ మీద పెట్టి, తరవాతి వరస చదవడం మొదలుపెట్టింది. వెళ్ళొస్తానని నేను చెప్పింది ఆవిడకు వినిపించలేదు.